డ్రోన్ విమానాలు – ప్రభుత్వ నియంత్రణ – పౌర బాధ్యత

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ఏర్పాటైన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదు సంవత్సరాల క్రితం ఈ నగరంలో ఒక బడి పిల్లవాడు మైదానంలో నిలబడి ఆకాశంలోకి పంపగలిగినది గాలిపటం ఒక్కటే. దాని దారం అతని చేతిలో ఉండేది. దారం తెగితే ఏ మిద్దె మీద పడిందో వెదుక్కుంటూ వెళ్ళేవాడు. ఆ ఇంటివారు కోప్పడితే తల వంచుకొని వినేవాడు. గాలిపటం ఎవరిదో వీధి వీధంతటికీ తెలుసు. నేడు ఆకాశంలో ఎగిరే యంత్రానికి కంటికి కనిపించే దారం లేదు. అది ఎవరిదో, ఎక్కడినుండి వచ్చిందో, ఏమి చూస్తున్నదో కింద నడిచే మనిషికి తెలియదు. ఎగిరే వస్తువుకూ, ఎగురవేసిన మనిషికీ మధ్య తెగిపోయిన ఆ దారాన్ని తిరిగి ముడివేయాలన్న ప్రయత్నమే డ్రోన్ల నియంత్రణ చట్టమని స్థూలంగా చెప్పవచ్చును.

జూబిలీ సభలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలగవచ్చు. పెళ్ళి అయినా, గృహప్రవేశమైనా, తిరునాళ్ళయినా పైన ఒక డ్రోన్ తిరగడం ఈనాడు రివాజైపోయింది. ఇటువంటి ఉత్సవంలో పిల్లల ఊరేగింపును, ప్రార్థనా సమావేశాన్ని ఆకాశం నుండి చిత్రీకరించాలన్న కోరిక పూర్వ విద్యార్థులకు కలగడం సహజం. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే డబ్బు చెల్లించి ఒక ఛాయాగ్రాహకుణ్ణి పిలిపించిన మరుక్షణం అది వేడుకగా మిగలదు. వాణిజ్య ప్రయోజనం కోసం సాగే విమానయానమవుతుంది. అప్పుడు దేశ చట్టం ఈ మైదానంలోకి అడుగు పెడుతుంది. ఆ చట్టం ఏమి చెబుతున్నదో, ఎందుకు చెబుతున్నదో, ఏమి చెప్పకుండా వదలివేసిందో తెలిసికొనుట తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అవసరం.

మనిషి లేని విమానం గురించిన ఆందోళన కొత్తది కాదు. 1944 డిసెంబరులో షికాగో నగరంలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికలోని ఎనిమిదవ అధికరణం, చోదకుడు లేని విమానం ఏ దేశపు గగనతలం మీదనైనా ఆ దేశపు ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరరాదని నిర్దేశించింది. రెండవ ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజులవి. ఆ తరువాత చాలాకాలం ఈ విమానాలు సైన్యాల చేతిలోనే ఉన్నాయి. చిన్న బ్యాటరీలు, చౌకయిన కెమెరాలు, అరచేతి ఫోనులో ఇమిడే దిక్సూచి పరికరాలు వచ్చిన తరువాతనే అవి అంగడి సరుకుగా మారాయి.

ఈ విషయంలో బెంగళూరుకు ఒక విశిష్టత ఉన్నది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు సహకారంతో ఇక్కడ విమాన కర్మాగారాన్ని నెలకొల్పారు. అదే నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు మూలం. 1959లో ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఈ నగరంలోనే లక్ష్య, నిశాంత్ అనే మానవరహిత విమానాలను రూపొందించింది. అంటే, డ్రోన్ అన్న మాట పిల్లల నోట పలకడానికి ఎంతో ముందే ఆ యంత్రాలు ఈ నగరపు ప్రయోగశాలలలో పుట్టాయి.

పౌరుల చేతికి వచ్చిన డ్రోన్ల పట్ల మొదట ప్రభుత్వం చేసిన పని తలుపు మూయడం. 2014లో ముంబయిలో ఒక పిజ్జా దుకాణం ఇంటికి సరుకు చేర్చడానికి డ్రోన్‌ను ప్రయోగించి చూపింది. ఆ సంవత్సరమే అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఒక ప్రకటన వెలువరించి, నియమాలు రూపొందేవరకు పౌరులెవ్వరూ డ్రోన్లు ఎగురవేయరాదన్నది. అది తాత్కాలికమన్నారు; నాలుగేళ్ళు సాగింది. ఆ నాలుగేళ్ళలో డ్రోన్లు ఎగరడం ఆగలేదు, చట్టబద్ధంగా ఎగరడం మాత్రమే ఆగింది. నిషేధాన్ని గౌరవించిన యువ సాంకేతికులు నష్టపోయారు. గౌరవించని వారు పెళ్ళిళ్ళలో సంపాదించుకున్నారు. ఇంతలో చైనా తయారీ యంత్రాలు ప్రపంచ విపణిని ఆక్రమించాయి. పాటించదగిన మార్గం చూపకుండా ‘వద్దు’ అని మాత్రమే చెప్పే నియమం మంచివారినే శిక్షిస్తుందన్న పాఠం ఇందులో ఉన్నది. తరగతి గదిని నడిపే ఉపాధ్యాయులకు ఈ పాఠం అపరిచితం కాదు.

2018 ఆగస్టు 27న తొలి సమగ్ర నిబంధనలు వెలువడి, డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. ‘డిజిటల్ స్కై’ అనే కంప్యూటరు వేదిక ద్వారా అనుమతి పొందనిదే యంత్రం లేవనే లేవకూడదన్న సూత్రాన్ని అవి ప్రవేశపెట్టాయి. ఆలోచన ఉన్నతమైనదే కాని ఆచరణ జటిలమైనది. 2021 మార్చి 12న వచ్చిన నియమాలు ఆ చిక్కును మరింత పెంచాయన్న విమర్శ వినిపించింది. ఆరు నెలలు తిరగకముందే ప్రభుత్వం వాటిని రద్దు చేసి, ఆగస్టు 25న ‘డ్రోన్ నియమాలు 2021’ను ప్రకటించింది. అంతకుముందు 25 ఉన్న దరఖాస్తు పత్రాలు 5కు తగ్గాయి. 72 రకాల రుసుములు 4 రకాలయ్యాయి. 2021 జూన్ 27న జమ్ము వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచిన ఘటన జరిగి అప్పటికి రెండు నెలలే అయింది. అటువంటి సమయంలో భయపడి తలుపు మూయక, తలుపు తెరచి కావలి పెట్టడం గమనించదగినది.

ఈ నియమాల సారం సామాన్యులకు అర్థం కానంత కఠినమేమీ కాదు. మోసే బరువుతో సహా యంత్రం తూకాన్ని బట్టి అయిదు తరగతులున్నాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నవి, 150 కిలోల వరకు మధ్యరకం, ఆపైన పెద్దవి. ఆకాశాన్ని మూడు రంగుల మండలాలుగా విభజించి, 2021 సెప్టెంబరు 24న పటాన్ని ప్రజలందరికీ అందుబాటులో ఉంచారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు, అంటే సుమారు 120 మీటర్ల వరకు, ప్రత్యేక అనుమతి అక్కరలేదు. పసుపు మండలంలో విమాన రాకపోకల నియంత్రణాధికారి అనుమతి కావాలి. ఎర్ర మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరరాదు. విమానాశ్రయపు సరిహద్దు నుండి 8 మొదలు 12 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చ మండలం 200 అడుగుల ఎత్తు వరకే.

వాణిజ్య ప్రయోజనానికై మైక్రో తరగతి యంత్రాన్ని, లేదా అంతకన్న బరువైన దానిని, నడిపేవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొంది యోగ్యతాపత్రం సంపాదించాలి. 2022 ఫిబ్రవరి సవరణతో లైసెన్సు అన్న మాట పోయి ఈ యోగ్యతాపత్రం వచ్చింది. దానికి కావలసిన అర్హత పద్దెనిమిది నిండిన వయస్సు, పదవ తరగతి ఉత్తీర్ణత. బడిలో అందుకొన్న పదవ తరగతి ధ్రువపత్రం ఆకాశపు వాకిలి దగ్గర చూపవలసిన మొదటి కాగితమన్న మాట. ఎగరడానికి ముందు పటం చూచుకోవాలి. మనుషులున్న విమానానికి ఎల్లవేళలా దారి ఇవ్వాలి. ప్రమాదం జరిగితే 48 గంటలలోగా తెలియజేయాలి. నానోలకు తప్ప మిగిలిన వాటన్నిటికీ, ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే బీమా తప్పనిసరి. నియమాలను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో డ్రోన్లకు విడిగా ఒక బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికై విడుదల చేయగా, శిక్షలు మితిమీరాయని పరిశ్రమ వర్గాలు అభ్యంతరం తెలిపాయి.

ఈ రంగుల పటాన్ని బెంగళూరు మీద పరచి చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. తూర్పున హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం, ఉత్తరాన యలహంక వైమానిక స్థావరం, దానికి దగ్గరలో జక్కూరు, ఇంకా పైన 2008 మేలో ప్రారంభమైన దేవనహళ్ళి అంతర్జాతీయ విమానాశ్రయం. ఒక్కొక్కదాని చుట్టూ వృత్తాలు గీచినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి పడి నగరంలో ఎంతో భాగాన్ని కమ్ముకుంటాయి. గణితం చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి అభ్యాసం దొరకదు. పిల్లల చేత నగర పటం మీద ఆ వృత్తాలను గీయించి, వారి ఇల్లు ఏ రంగులో ఉన్నదో కనుక్కోమనవచ్చు. పల్లెలో మామిడి తోట మీద ఎగురవేసిన డ్రోన్‌కు వర్తించే స్వేచ్ఛ ఈ నగరంలోని వీధికి వర్తించదన్న సంగతి అప్పుడు చెప్పకుండానే బోధపడుతుంది.

ఇంత కట్టడి ఎందుకు? యలహంకలో జరిగే విమాన ప్రదర్శన రోజులలో ఈ నగరవాసులు ఒక వింత ఉత్తరువు చూస్తుంటారు. 2023లో స్థావరం చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 2025లో 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాలను నగరపాలక సంస్థ నిలిపివేసింది. పారవేసిన మాంసపు తునకల కోసం గద్దలు చేరతాయి. గద్ద విమానానికి తగిలితే ప్రమాదం. ఒక పక్షికే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు లోహపు మోటార్లు, బరువైన బ్యాటరీ గల యంత్రానికి ఎంత జాగ్రత్త కావాలి? గద్దకు విమానాన్ని చూచి తప్పుకోవాలన్న భయమైనా ఉంటుంది. యంత్రానికి భయం ఉండదు. దాన్ని నడిపేవాడికి వివేకం ఉండాలి.

ఇది ఊహ కాదు. 2018 డిసెంబరులో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనిపించాయన్న సమాచారంతో సుమారు వెయ్యి విమానాల రాకపోకలు దెబ్బతిన్నాయి; లక్షా నలభై వేల మంది ప్రయాణికులు ఇక్కట్ల పాలయ్యారు. కారకులెవరో తేలనేలేదు. 2025 జనవరి 9న లాస్ ఏంజెలిస్‌లో కార్చిచ్చు ఆర్పుతున్న విమానపు రెక్కకు ఒక డ్రోన్ తగిలి రంధ్రం పడింది. విమానం క్షేమంగా దిగింది కాని మరమ్మతు జరిగే వరకు అది మంటలార్పే పనికి దూరమైంది. డ్రోన్‌ను పంపిన వ్యక్తి దుర్మార్గుడేమీ కాదు. మంటలు ఎలా ఉన్నాయో చూడాలన్న కుతూహలం కొద్దీ కనుచూపు మేర దాటించాడు. కుతూహలం కూడా ఒక్కొక్కప్పుడు పరుల ప్రాణాల మీదికి తెస్తుంది.

మైదానంలోని పిల్లల విషయానికి వస్తే లెక్క ఇంకా సులభం. ఒక కిలో బరువున్న యంత్రం 120 మీటర్ల ఎత్తు నుండి పడితే, గాలి నిరోధాన్ని లెక్కించనిచో, నేలను తాకే వేళకు దాని వేగం గంటకు సుమారు 175 కిలోమీటర్లు. గాలి నిరోధం వలన ఆ వేగం తగ్గుతుంది. తగ్గిన వేగం కూడా ఒక పసివాని తలకు చాలా ఎక్కువే. చట్టం అడిగే యోగ్యతాపత్రాన్నీ, బీమానూ కేవలం కాగితాలుగా భావించేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

అలాగని డ్రోన్‌ను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. 2021 జూన్‌లో బెంగళూరుకు చెందిన థ్రాటిల్ ఏరోస్పేస్ సంస్థ ప్రభుత్వ అనుమతితో కనుచూపు మేరకు ఆవల మందులు చేరవేసే ప్రయోగాలను గౌరిబిదనూరు పరిసరాలలో జరిపింది. హిందూపురానికి కూతవేటు దూరంలో, తెలుగు మాట వీధి వీధినా వినిపించే ప్రాంతమది. అదే సంవత్సరం సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాదులో ‘ఆకాశం నుండి ఔషధాలు’ అనే ప్రయోగం ప్రారంభమైంది. అక్టోబరు 4న మణిపూర్‌లో బిష్ణుపూర్ నుండి లోక్‌తాక్ సరస్సులోని కరాంగ్ దీవికి టీకా మందు ఆకాశమార్గాన చేరింది. రోడ్డున 26 కిలోమీటర్ల దూరం ఆకాశంలో 15 కిలోమీటర్లయింది. పట్టిన కాలం పావుగంట లోపు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు పడవలు చేరలేని మిద్దెల మీదికి డ్రోన్లు ఆహార పొట్లాలు మోసుకుపోయాయి. ఆకలితో మిద్దె మీద నిలబడిన తల్లికి అది యంత్రంగా కనిపించి ఉండదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటి ఉన్నది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లు ఇవ్వాలని సంకల్పించింది. ఖరీదులో 80 శాతం, 8 లక్షల రూపాయలకు మించకుండా, ప్రభుత్వమే భరిస్తుంది. సంఘంలో ఎంపికైన మహిళకు 15 రోజుల శిక్షణ. వీపున డబ్బా మోస్తూ, మందు గాలి పీలుస్తూ, పైరు మధ్య నడిచిన పల్లె స్త్రీ గట్టు మీద నిలబడి అదే పని చేయించగలగడం సామాన్యమైన మార్పు కాదు.

ఇక చట్టం సరిగా పట్టించుకోని విషయం ఒకటి ఉన్నది. చట్టం యంత్రాన్ని బరువుతో కొలుస్తున్నది. బరువు పడే వస్తువుకు సరైన కొలత. చూచే వస్తువుకు కాదు. 249 గ్రాముల డ్రోన్‌కు యోగ్యతాపత్రం అక్కరలేదు, బీమా అక్కరలేదు. కాని దాని కెమెరా కన్ను 20 కిలోల యంత్రపు కన్నుకు ఏమాత్రం తీసిపోదు. మిద్దె మీద తల ఆరబోసుకొనే గృహిణిని, వసతిగృహం కిటికీని, బడి ఆవరణలో ఆడుకొనే పిల్లల ముఖాలను అది అంతే స్పష్టంగా చూస్తుంది. 2018 నిబంధనలలో ఇతరుల ఏకాంతానికి భంగం కలగకుండా చూడవలసిన బాధ్యత ఎగురవేసే వారిదేనన్న మాట ఉండేది. 2021 ఆగస్టు నియమాలలో ఆ విషయమై ప్రత్యేక నిబంధన కనిపించదు. కాగితాలు తగ్గించే తొందరలో ఒక విలువైన వాక్యం జారిపోయిందని విచారించక తప్పదు.

ఆ వాక్యపు విలువ తెలిసిన మహనీయుడొకరు ఈ నగరంలోనే నివసించారు. కర్ణాటక ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన కె.ఎస్. పుట్టస్వామి తమ వృద్ధాప్యంలో, 2012లో, సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. దాని ఫలితంగా 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపువారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలన్నది. కాబట్టి పిల్లల ముఖాలు అద్దె కెమెరాలో ఎక్కించుకొని పోయే హక్కు, ఉత్సవం పేరిటనైనా, ఎవరికీ లేదు. చట్టం నోరు విప్పని చోట పాఠశాలే నోరు విప్పాలి.

అందుచేత ఏ విద్యాసంస్థ అయినా తన ఆవరణలో డ్రోన్‌కు అంగీకరించే ముందు అయిదు ప్రశ్నలు అడగడం ఉచితం. ఒకటి: ఈ స్థలం ఏ రంగు మండలంలో ఉన్నది? ఆ రోజు ఉదయం పటం చూచినది ఎవరు? రెండు: నడిపే వ్యక్తికి యోగ్యతాపత్రం ఉన్నదా? మూడు: యంత్రం నమోదు సంఖ్య ఏది, బీమా ఏది? నాలుగు: అది ఎవరి తలల మీద ఎగురుతుంది? బారులు తీరిన పిల్లల మీద కాక, మైదానపు అంచున మాత్రమే ఎగిరేలా ఏర్పాటు జరిగిందా? అయిదు: తీసిన చిత్రాలు ఎవరి వద్ద ఉంటాయి, తల్లిదండ్రుల సమ్మతి పొందారా? ఈ అయిదింటిలో ఏ ఒక్కదానికి సమాధానం లేకపోయినా మేడ మెట్లెక్కి మిద్దె మీద నుండి తీసిన ఛాయాచిత్రమే ఉత్తమం. డెబ్బయి అయిదేళ్ళుగా జూబిలీ సంచికలలో నిలిచిన చిత్రాలన్నీ అలా తీసినవే. వాటి అందానికి ఏ లోటూ రాలేదు.

డ్రోన్ సంస్థలలో పనిచేసే పూర్వ విద్యార్థులు ఈ ప్రశ్నలను అడ్డంకులుగా భావించకూడదు. రెండుమూడు సంవత్సరాలకొకసారి మారే నియమాలతో వారు పడే ఇబ్బంది వాస్తవమే. నియమాలు స్థిరంగా, సులభంగా ఉండాలని కోరడం న్యాయమే. కాని ఒక్క అజాగ్రత్తపరుని వలన ఒక ప్రమాదం జరిగితే 2014 నాటి తలుపు తిరిగి మూతపడుతుంది. అప్పుడు నష్టపోయేది ఆ ఒక్కడే కాదు. మందుల కోసం ఎదురుచూచే గ్రామం, గట్టు మీద నిలబడిన డ్రోన్ దీదీ, పదవ తరగతి ధ్రువపత్రం చేత పట్టుకొని శిక్షణకు బయలుదేరిన ఈ బడి విద్యార్థి. నియమం పాటించేవాడు తన స్వేచ్ఛనే కాక తన తరువాతి వారి స్వేచ్ఛను కూడా కాపాడుతున్నాడు.

గాలిపటం ఎగురవేసిన తాతలు, డ్రోన్ ఎగురవేసే మనుమలు నేడు ఒకే పందిరి కింద కూర్చున్నారు. తాతలు మనుమలకు నేర్పవలసినది ఒక్కటే: ఎగిరేది ఏదైనా సరే, అది ఎవరి మిద్దె మీద పడినా వెళ్ళి ‘ఇది నాది’ అని ఒప్పుకొనే ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం ఉన్న చేతులలో ఆకాశం సురక్షితంగా ఉంటుంది. ఈ పాఠశాల పిల్లల చేతులు అటువంటివి కావాలని ఆకాంక్ష.